కొడవటిగంటి కుటుంబరావు: ఉద్యోగం దొరకని తరాన్ని నవలలోకి తెచ్చిన రచయిత

దక్షిణ ఢిల్లీలో సాకేత్ మెట్రో స్టేషన్ దిగి సైదులాజాబ్ సందుల్లోకి నడిస్తే రెండు పక్కలా పీజీ బోర్డులే కనిపిస్తాయి. మంచానికింత అని అద్దెకిచ్చే ఆ గదుల్లో దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఉంటారు. గుంటూరు, వరంగల్, విజయనగరం నుంచి వచ్చిన వాళ్లూ ఉంటారు. పొద్దున్నే ఎల్లో లైన్ ఎక్కి గురుగ్రామ్ ఆఫీసులకు వెళ్లేవాళ్లు కొందరు. సాకేత్ జిల్లా కోర్టులో సీనియర్ వెనకాల ఫైళ్లు పట్టుకుని తిరిగే జూనియర్ లాయర్లు కొందరు. ఇంటర్న్‌షిప్ ఉద్యోగంగా మారుతుందో లేదో తెలియక నెలలు లెక్కపెట్టుకునేవాళ్లు ఇంకొందరు.

తెలుగు తెర మీద ఇలాంటి కుర్రాడు కనిపిస్తే రెండు గంటల్లో కంపెనీ పెట్టేస్తాడు, లేదా ఉద్యోగం మానేసి ఊరెళ్లి వ్యవసాయం చేస్తాడు. అతని గది అద్దె ఎంత, ఆ డబ్బు ఎవరు పంపుతున్నారు, ఇంకెన్ని నెలలు పంపగలరు అన్నవి కథలోకి రావు. కానీ ఈ లెక్కలన్నీ ఒక తెలుగు రచయిత దశాబ్దాల కిందటే తన నవలల్లో వేశారు. ఆయన చందమామ నడిపిన మనిషిగా ఎక్కువమందికి తెలుసు. ఆయనే కొడవటిగంటి కుటుంబరావు.

చదువు అనే పెట్టుబడి పెట్టి, ఉద్యోగం అనే రాబడి కోసం ఎదురుచూసిన మొదటి తరాల మధ్యతరగతి యువకుల్ని కుటుంబరావు రాసినంత దగ్గరగా రాసినవాళ్లు తెలుగులో తక్కువ. దానికి కారణం ఆయన జీవితంలోనే ఉంది. ఆ రాబడి రానివాళ్లలో ఆయనా ఒకరు.

తెనాలి కుర్రాడు

కుటుంబరావు 1909 అక్టోబర్ 28న తెనాలిలో పుట్టారు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకాన్ని తిరగరాసి పెద్దది చేసి ప్రచురించింది కూడా ఆ ఏడాదే. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడు ఆ ముక్కలతోనే ఊళ్లు తిరిగి బతికేయొచ్చని గిరీశం పాత్ర చూపించింది. కుటుంబరావు పెరిగేనాటికి ఆ ముక్కలు చాలవు. హైస్కూలు, ఇంటర్మీడియట్, బీఏ అంటూ మెట్లు ఏర్పడ్డాయి. ఒక్కో మెట్టుకీ ఫీజు ఉంది, హాస్టలు ఖర్చు ఉంది.

ఆయనది సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబం. అయిదేళ్ల వయసులో తండ్రి పోయారు, పదకొండు నిండేలోపే తల్లీ పోయారు. అన్న వెంకటసుబ్బయ్యకు సాహిత్యం మీద ఆసక్తి ఉండేది. పాశ్చాత్య సాహిత్యం తమ్ముడికి పరిచయమైంది ఆయన ద్వారానే. ఆ కాలపు ఆచారం ప్రకారం హైస్కూలు ముగిసే వయసులోనే, 1925లో, కుటుంబరావుకు పెళ్లి చేశారు. అంటే కాలేజీలో అడుగుపెట్టే సమయానికే ఆయన ఇంకొకరి బాధ్యత ఉన్న మనిషి.

అప్పటి తెనాలి చిన్న పట్నమే అయినా నాటకాలతో, పుస్తకాలతో హడావిడిగా ఉండేది. కాలవల కింద వరి పండే డెల్టా మధ్యలో ఉండటంతో రైతుల దగ్గర, వ్యాపారుల దగ్గర డబ్బు ఆడేది. ఆ డబ్బులో కొంత పిల్లల చదువుల్లోకి వెళ్లేది. పిల్లవాణ్ణి పట్నంలో చదివించడం, ప్లీడరో ఉద్యోగో అయ్యేదాకా ఖర్చు భరించడం, ఆ తర్వాత మంచి కట్నంతో పెళ్లి చేయడం ఒక కుటుంబ పథకంగా సాగేది. కుటుంబరావు చుట్టూ ఉన్న ఇళ్లలో చదువు గురించి జరిగిన మాటలు చాలావరకు ఇవే. ఆయన నవలల్లోకీ తర్వాత ఇవే వచ్చాయి.

కాశీ దాకా వెళ్లి

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్, విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రంలో డిగ్రీ చేశాక కుటుంబరావు కాశీ వెళ్లి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరారు. అది 1929. తెనాలి నుంచి వెళ్లిన ఇరవై ఏళ్ల కుర్రాడికి అది చిన్న అడుగేమీ కాదు. పూర్తయితే లెక్చరర్ ఉద్యోగమో, అంతకంటే పెద్దదో చేతికొచ్చే చదువు.

అది పూర్తికాలేదు. 1929 చివర్లో అమెరికా స్టాక్ మార్కెట్‌లో మొదలైన పతనం ఏడాది తిరక్కుండానే కృష్ణా, గుంటూరు జిల్లాల ధాన్యం కొట్లలోకి వచ్చేసింది. ధాన్యం ధర పడిపోయింది. సర్కారుకు కట్టాల్సిన శిస్తు మాత్రం తగ్గలేదు. అప్పుల మీద వడ్డీ తగ్గలేదు. అంతకుముందు కొన్ని బస్తాలు అమ్మి కట్టిన బాకీకి ఇప్పుడు ఎన్నో రెట్లు అమ్మాల్సి వచ్చింది. పొలం రాబడి మీద పిల్లల్ని పై ఊళ్లలో చదివిస్తున్న ఇళ్లలో మొదట ఆగింది కాలేజీకి వెళ్లే మనియార్డరే.

కుటుంబరావు ఎమ్మెస్సీ మధ్యలో వదిలేసి వెనక్కి వచ్చారు. ఆయన పరీక్ష తప్పలేదు, చదువు మీద ఆసక్తి పోలేదు. న్యూయార్కులో ఎవరో షేర్లు అమ్ముకున్నందుకు తెనాలి కుర్రాడి చదువు ఆగింది. ఒక మనిషి విఫలమయ్యాడని అనే ముందు అతని చుట్టూ మార్కెట్ ఎలా ఉందో చూడాలన్న పట్టింపు ఆయన రచనల్లో చివరిదాకా కనిపిస్తుంది. దాని మొదలు ఇక్కడే.

ఇరవై ఏళ్ల తిరుగుడు

వెనక్కి వచ్చాక ఇరవై ఏళ్ల పైచిలుకు ఆయనకు కుదురైన ఉద్యోగం లేదు. గుమస్తాగా పనిచేశారు, పాఠాలు చెప్పారు, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఉన్నారు, సినిమా రంగంలో కొంతకాలం, పత్రికల్లో కొంతకాలం గడిపారు. ఊళ్లు మారారు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఆయన రెజ్యుమే నిండా ఖాళీలే. ఏ ఇంటర్వ్యూలోనైనా వాటి గురించే ముందు అడుగుతారు.

ఇంట్లోనూ దెబ్బలు తగిలాయి. మొదటి భార్య పద్మావతి 1939లో చనిపోయారు. తర్వాత చేసుకున్న పెళ్లి కూడా భార్య మరణంతో తొందరగానే ముగిసింది. 1940ల మధ్యలో ఆయన వరూధినిని పెళ్లి చేసుకున్నారు. ఆమె తొలితరం తెలుగు రంగస్థల నటీమణుల్లో ఒకరైన కొమ్మూరి పద్మావతీదేవి కూతురు, రచయిత చలానికి దగ్గరి బంధువు. ఆ తర్వాతే ఆయన ఇల్లు కుదుటపడింది.

ఇన్ని మార్పుల మధ్య ఆగనిది రాయడం ఒక్కటే. 1931లో గృహలక్ష్మి మాసపత్రికలో ఆయన కథ ప్రాణాధికం అచ్చయింది. అప్పటినుంచి కథలు, గల్పికలు, నవలలు, నాటికలు, సినిమా వ్యాసాలు, సైన్సు వ్యాసాలు రాస్తూనే పోయారు. తెనాలివాడే అయిన చక్రపాణి అప్పట్లో బెంగాలీ నుంచి శరత్ నవలల్ని తెలుగులోకి తెస్తున్నారు. తెలుగు యువకులు దేవదాసును చదివి ఏడుస్తున్న కాలం అది. దేవదాసు జమీందారు కొడుకు. అతనికి ఎన్ని బాధలున్నా ఉద్యోగం వెతుక్కునే బాధ లేదు. కుటుంబరావు పాత్రలకు ప్రేమ విఫలమవడానికి ముందే నెల జీతం ప్రశ్న ఎదురవుతుంది. చాలాసార్లు ఆ ప్రశ్న వల్లే ప్రేమ కూడా విఫలమవుతుంది.

పాఠకులు ఏది కోరుకుంటున్నారో ఆయనకు తెలియక కాదు. సినిమాల్లో, పత్రికల్లో పనిచేసిన మనిషికి గెలిచే హీరో ఎంత అమ్ముడుపోతాడో బాగానే తెలుసు. అయినా తన నవలల్లో అలాంటి హీరోని పెట్టలేదు.

చదువు నవలలో ఏముంది

ఈ అనుభవమంతా చేరిన పుస్తకం చదువు. సుందరం అనే పిల్లవాడి అక్షరాభ్యాసంతో నవల మొదలవుతుంది. బడి, హైస్కూలు, కాలేజీ దాటుకుంటూ సుందరం పెద్దవాడవుతాడు. మొదటి ప్రపంచయుద్ధం, సహాయ నిరాకరణ ఉద్యమం, ఆర్థిక మాంద్యం అతని చుట్టూ జరిగిపోతుంటాయి. చివరికి సుందరం కొడుకు అక్షరాభ్యాసం దగ్గర కథ ఆగుతుంది. తండ్రి ఏ పలకతో మొదలుపెట్టాడో కొడుకూ అదే పలకతో మొదలుపెడతాడు. మధ్యలో ఎన్నో ఏళ్లు గడిచాయి, అంత చదువూ అయింది. ఆ చదువు ఏమిచ్చింది అన్నది పాఠకుడికే వదిలేస్తారు.

పైపైన చూస్తే ఇందులో పెద్ద సంఘటనలు లేవు. హత్య లేదు, పారిపోవడం లేదు, కోర్టు తీర్పు లేదు. ఒక మధ్యతరగతి ఇంట్లో పిల్లవాడు ఎలా చదివాడు అన్నదే కథ. అయినా దశాబ్దాలుగా తెలుగు నవలల్లో ముఖ్యమైన వాటి పేర్లు చెప్పినప్పుడల్లా ఇది వస్తుంది. ఆ పిల్లవాడి చుట్టూ ఉన్న ఒత్తిళ్లన్నిటినీ ఇది పేరుపేరునా పట్టుకోవడమే అందుకు కారణం.

మొదటి ఒత్తిడి ఇల్లు. సుందరం చదవాలన్నది మొదట అతని కోరిక కాదు, పెద్దవాళ్ల నిర్ణయం. చదువంటే జ్ఞానమని ఇంట్లో అంటారు, వాళ్ల మనసులో ఉన్నది ఉద్యోగం. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా పిల్లవాడికి ఎవరూ చెప్పరు. పెద్దయ్యే కొద్దీ వాడే కనిపెట్టుకోవాలి.

రెండోది బడి. కొట్టి నేర్పే చదువు, బట్టీ పట్టించే చదువు పిల్లవాడి కుతూహలాన్ని ఎలా చంపుతాయో నవల ఓపిగ్గా చూపిస్తుంది. సుందరం నిజంగా నేర్చుకున్నవి చాలావరకు తరగతి బయట, స్నేహితుల దగ్గర, పాఠ్యపుస్తకాలు కాని పుస్తకాల్లో నేర్చుకున్నవే.

మూడోది కాలం. సుందరం చదువు మొదలుపెట్టిన రోజున డిగ్రీకి ఒక ధర ఉంది. చదువు ముగిసే రోజుకి ఆ ధర లేదు. మధ్యలో అతను చేసిన తప్పేమీ లేదు. ఒక వస్తువు కొని, ఇంటికి చేరేలోపు దాని విలువ పడిపోతే కొన్నవాడిని తెలివితక్కువవాడు అనం. చదువు విషయంలో మాత్రం అదే మాట అంటాం. ఈ అన్యాయాన్ని కుటుంబరావు ఉపన్యాసంలా కాకుండా ఒక ఇంటి కథలా చెప్పారు.

జాలి లేకుండా, ఎగతాళి లేకుండా

కుటుంబరావుకు ముందు, ఆయన కాలంలో కూడా, ఉద్యోగానికి బయల్దేరిన కుర్రాడు తెలుగులో ఎక్కువగా నవ్వించే పాత్ర. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశం అందుకు గొప్ప ఉదాహరణ. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు కావాలని ఇంగ్లండు బయల్దేరితే దారిపొడవునా నవ్వే. ఆ నవ్వులో ప్రేమ ఉంది కాబట్టి పార్వతీశం ఇప్పటికీ బతికున్నాడు. తర్వాతి కాలంలో ఇంకో దారి వచ్చింది. గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు, రావిశాస్త్రి అల్పజీవిలో సుబ్బయ్య తమలో తాము కుళ్లిపోయే మనుషులు. అక్కడ చూపు మనసు లోపలికి వెళ్తుంది.

కుటుంబరావు ఈ రెండు దారుల్లోనూ వెళ్లలేదు. ఆయన యువకులు పార్వతీశంలా అమాయకులు కారు, సీతారామారావులా తమ చుట్టూ తామే తిరగరు. వాళ్లకు కాస్త తెలివి, కాస్త ఆశ, కొంత స్వార్థం, కొంత సిగ్గు ఉంటాయి. పరిస్థితి బాగుంటే మంచివాళ్లుగా చెలామణీ అవుతారు, బాగాలేకపోతే చిన్న చిన్న మోసాలకు దిగుతారు. రచయిత వాళ్లని చూసి నవ్వరు, ఏడవరు. ఎవరికి ఎంత బాకీ ఉంది, ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారు, ఆ ఆధారం పోతే ఎవరెలా మాట్లాడతారు అన్నది చూస్తారు.

ఆయన వాక్యం కూడా ఈ పనికి తగ్గట్టే ఉంటుంది. వర్ణనలు తక్కువ, సంభాషణలు ఎక్కువ. గుంటూరు జిల్లా ఇళ్లలో మాట్లాడుకునే తెలుగు. ఫిజిక్సు చదివిన మనిషి కాబట్టేమో, కారణం ముందు, ఫలితం తర్వాత అన్న క్రమం పేజీల్లో కనిపిస్తుంది. తర్వాతి కాలంలో మార్క్సిజం ఆయన ఆలోచనకు ఆధారమైంది. కానీ మనుషుల మధ్య డబ్బు సంబంధాల్ని గమనించే చూపు మాత్రం కాశీ నుంచి తిరిగొచ్చినప్పుడే మొదలైందని ఆయన జీవితం చూస్తే అనిపిస్తుంది.

పెళ్లి కూడా ఆయన కథల్లో ఈ లెక్కలో భాగమే. అబ్బాయి డిగ్రీని బట్టి కట్నం పెరిగే సమాజంలో చదువుకు వెంటనే వచ్చే రాబడి ఉద్యోగం కాదు, పెళ్లి. ఉద్యోగం రాకపోయినా బీఏ అన్న అక్షరాలకు పెళ్లిళ్ల బజార్లో విలువ ఉంటుంది. అమ్మాయిల సంగతి ఇంకోలా ఉండేది. ఆ వర్గపు ఇళ్లలో వాళ్లకు దొరికే ఒకే ఒక ఉద్యోగం పెళ్లి. దాన్ని ఎంచుకునే హక్కు కూడా వాళ్లకు లేదు. ఆడజన్మ, కులంలేని పిల్ల వంటి పేర్లు చూసినా ఆయన దృష్టి ఎటు పోయిందో తెలుస్తుంది.

చందమామలో దొరికిన ఉద్యోగాలు

1952లో, నలభై రెండేళ్ల వయసులో, కుటుంబరావుకు కుదురైన పని దొరికింది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టిన పిల్లల పత్రిక చందమామలో ఆయన చేరారు. అప్పటినుంచి 1980లో చనిపోయేవరకు, ఇరవై ఎనిమిదేళ్లపాటు, అక్కడే ఉన్నారు. సంపాదకత్వపు పనంతా ఆయనదే అయినా సంపాదకుడిగా పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. రామాయణ భారతాలు, విదేశీ కథలు సులభమైన తెలుగులో తిరగరాయడం, పాఠకులు పంపిన కథల్ని చెక్కి పత్రికకు పనికొచ్చేలా చేయడం ఆయన రోజువారీ పని. చందమామ మిగతా భాషల్లోకి వెళ్లడానికి ఆ తెలుగు ప్రతే మూలం. కొన్ని తరాల పిల్లలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది ఆ తెలుగులోనే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. చందమామ కథలు గుర్తున్నవాళ్లకు ఆ పాత్ర కూడా గుర్తుండే ఉంటుంది. పేదింటి కుర్రాడు పని వెతుక్కుంటూ పట్నం బయల్దేరతాడు. దారిలో జమీందారో, దివాణంలో మంత్రో, వ్యాపారో ఒక పరీక్ష పెడతారు. ముగ్గురు పోటీ పడితే చదువు ఎక్కువున్న ఇద్దరూ తప్పుతారు, లోకజ్ఞానం ఉన్న మూడోవాడు నెగ్గుతాడు. అతనికి కొలువు దొరుకుతుంది. ఇలాంటి కథలు చందమామలో ఎన్ని వచ్చాయో లెక్కలేదు. ఉద్యోగ ఇంటర్వ్యూకు రాజుల కాలపు దుస్తులు వేస్తే ఎలా ఉంటుందో అవి అలా ఉంటాయి.

పెద్దవాళ్ల కోసం రాసిన నవలల్లో యువకులకు న్యాయంగా రావాల్సిన ఉద్యోగం రాలేదని చూపించిన మనిషి, పిల్లల పత్రికలో నెల నెలా ఆ ఉద్యోగాలు ఇప్పిస్తూ వచ్చారు. దీన్ని ద్వంద్వ ప్రమాణం అనుకోనక్కర్లేదు. పిల్లలకు కావాల్సింది ధైర్యం, బుద్ధి ఉపయోగపడుతుందన్న నమ్మకం. పెద్దవాళ్లకు కావాల్సింది బుద్ధి ఉపయోగపడని చోట ఎందుకు ఉపయోగపడలేదో తెలియడం. రెండూ ఒకే చేత్తో రాశారన్నది ఆయన్ని చదివేటప్పుడు మరిచిపోకూడని సంగతి.

ఆయన ఇంట్లో ఇంకో విశేషం జరిగింది. తండ్రి మధ్యలో వదిలేసిన భౌతికశాస్త్రాన్ని కొడుకు రోహిణీప్రసాద్ అందుకున్నారు. భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేశారు, తెలుగులో సైన్సు వ్యాసాలు రాశారు, సితార్ వాయించారు. కూతురు శాంతసుందరి తెలుగు, హిందీ భాషల మధ్య అనువాదాలు చేసి, ఆ కృషికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. ఆమె చాలాకాలం ఢిల్లీలోనే ఉన్నారు.

ఆయన రాయనివాళ్లు

కుటుంబరావు మీద విమర్శలు లేకపోలేదు. పాత్రలు మనుషుల్లా కాక వాదనల్లా మాట్లాడతాయని, కథ ముందే నిర్ణయించుకున్న చోటికి నడుస్తుందని కొందరికి అనిపిస్తుంది. పొడిగా ఉంటుందన్న మాటా ఉంది. కొన్ని చిన్న నవలల విషయంలో ఇది నిజమే. రాసినంత ఎక్కువ రాసినప్పుడు అన్నీ ఒకే స్థాయిలో ఉండవు.

అంతకంటే పెద్ద పరిమితి ఇంకొకటి ఉంది. ఆయన యువకులు ఎక్కువమంది కోస్తా జిల్లాల అగ్రవర్ణ మధ్యతరగతివాళ్లు. ఉద్యోగం పోతే తిరిగి రావడానికి వాళ్లకు ఒక ఇల్లు, ఎంతో కొంత పొలం, ఒక మేనమామ ఉంటారు. ఆ వెనక ఆసరా ఏదీ లేకుండా బయల్దేరిన కుర్రాడి కథ వేరు.

దాన్ని అదే తరంలో ఇంకొకరు రాశారు. బోయి భీమన్న పాలేరు నాటకంలో దళిత కుర్రాడు ఆసామి ఇంట్లో పాలేరుతనం వదిలి చదువుకుని, పెద్ద అధికారి అవుతాడు. ఆ నాటకం ఊరూరా ఆడింది. దాన్ని చూసి పిల్లల్ని పాలేరు పని మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రుల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. సుందరానికి చదువు ఏమీ ఇవ్వలేదని కుటుంబరావు రాస్తే, అదే చదువు ఒక మనిషిని పూర్తిగా మార్చేస్తుందని భీమన్న రాశారు.

ఈ ఇద్దరిలో ఎవరిది నిజం అంటే ఇద్దరిదీ నిజమే అనాలి. తరతరాలుగా అక్షరం అందుబాటులో ఉన్న ఇంట్లో డిగ్రీ ఒక ఆశ, అది వమ్ము కావడం ఒక పాఠం. అక్షరాన్నే దూరం పెట్టిన చోట మొదటి ఉద్యోగమే తిరుగుబాటు. అక్కడ హీరోని గెలిపించడం అబద్ధం చెప్పడం అవదు. ఉద్యోగం మొదలుపెట్టే యువ పాత్రను రాసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఆ పాత్ర గెలవాలా ఓడాలా అన్న ప్రశ్న తర్వాతది. పడిపోతే పట్టుకునే చెయ్యి ఉందా లేదా అన్నది తెలియకుండా ఆశను గురించి ఏం రాసినా గాల్లో రాసినట్టే.

అరవై ఏళ్ల వయసులో

1970లో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగాయి. అక్కడ విద్యార్థులు ఒక కరపత్రం పంచి, రచయితలు ఎటువైపో చెప్పాలని సవాలు చేశారు. ఆ ఏడాది జూలై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. శ్రీశ్రీ అధ్యక్షుడు, కుటుంబరావు ఉపాధ్యక్షుడు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు నిండాయి, మద్రాసులో నికరమైన ఉద్యోగం ఉంది, పిల్లలు ఎదిగారు. ఆ వయసులో చాలామంది రచయితలు సన్మానాలు అందుకుంటారు. ఆయన మాత్రం ప్రభుత్వానికి నచ్చని సంఘంలో పేరు రాయించుకున్నారు. చదువుకునే కుర్రాళ్లు అడిగిన ప్రశ్నకు బదులు ఇవ్వడం తన బాధ్యత అనుకున్నట్టే ఉంది.

1980 ఆగస్టు 17న మద్రాసులో ఆయన చనిపోయారు. తర్వాత కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో విశాలాంధ్ర ప్రచురణాలయం, ఆపైన విప్లవ రచయితల సంఘం ఆయన రచనల్ని సంపుటాలుగా తెచ్చాయి. వేల పేజీలున్న ఆ సంపుటాల్లో ఎక్కడ తెరిచినా ఏదో ఒక కుర్రాడు ఎవరినో ఒకరిని ఉద్యోగం అడుగుతూ కనిపించే అవకాశం ఎక్కువ.

సాకేత్ గదుల్లో ఉన్నవాళ్ల కాలం వేరు. ధాన్యం ధర బదులు అమెరికా కంపెనీల ఫలితాలు వాళ్ల నెల జీతాన్ని నిర్ణయిస్తాయి. మనియార్డరు బదులు ఫోన్‌లో డబ్బు వస్తుంది, లేదా ఇంటికి వెళ్తుంది. చదువు కోసం పొలం అమ్మిన నాన్న స్థానంలో ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలు ఉన్నాయి. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు మాత్రం చాలామంది తమలోనే లోపం వెతుక్కుంటారు. ఇంకో కోర్సు చేసి ఉంటే, ఇంకాస్త కష్టపడి ఉంటే అనుకుంటారు. ఊళ్లో అమ్మానాన్నలకు చెప్పకుండా రెండు నెలలు పొద్దున్నే తయారై బయటికి వెళ్లొచ్చేవాళ్లు కూడా ఉంటారు.

1930లో కాశీ నుంచి సామాను సర్దుకుని రైలెక్కిన కుర్రాడికి కూడా అలాగే అనిపించి ఉండవచ్చు. కానీ తర్వాత అతను కూర్చుని ఆ లెక్క మొదటినుంచీ వేసుకున్నాడు. తన తప్పు ఎంత, ఇంటివాళ్ల ఆశ ఎంత, బడి ఎంత, బజారు ఎంత అని విడివిడిగా రాసుకున్నాడు. చదువు నవల ఆ లెక్క పుస్తకమే. పీజీ గదిలో బ్యాగు సర్దుకుంటున్నవాళ్ల చేతికి ఇప్పుడది అందితే, ఆ లెక్కలో తమ వంతు ఎంతో, తమది కానిదెంతో వాళ్లకు కాస్త తెలుస్తుంది.